ఏముంది అందులో?

పరీక్షల ముందు మన క్లాస్ గ్రూపుల్లో నోట్సు ఎన్ని తిరుగుతాయో, సెలవుల ముందు రీల్స్ అంతకు రెట్టింపు తిరుగుతాయి. "పాత చీరతో ఐదు నిమిషాల్లో టాప్", "పార్లర్‌కి వెళ్లకుండా ఇంట్లోనే బర్గండీ కలర్", "హాస్టల్ కెటిల్‌లో పప్పుచారు". అన్నిట్లోనూ ఒకటే హామీ: బిగినర్స్ కూడా ఈజీగా చేసేయొచ్చు!

ఈ వీడియోల మీద నాకు కోపం లేదండి. నేనూ చూస్తాను, సేవ్ చేసుకుంటాను. మన పనులు మనం చేసుకోవడం మంచిదని గట్టిగా నమ్ముతాను కూడా. నా గొడవంతా ఆ "ఈజీ" అనే ఒక్క మాటతోనే. దాన్ని మన గోదావరి వైపు తెలుగులోకి మారిస్తే "ఏముంది అందులో" అవుతుంది. జాకెట్టు కుట్టడమా? ఏముంది అందులో. జుట్టుకి రంగా? ఏముంది అందులో. వంటా? అసలేముంది అందులో!

ఈ మాట వల్ల ఇద్దరికి నష్టం అని నా అభిప్రాయం. ఒకరు కొత్తగా నేర్చుకునే మనం. ఇంకొకరు ఎప్పట్నుంచో ఆ పనులు చేస్తున్న మన అమ్మలు, పిన్నులు, అత్తలు. ముందు మన సంగతి చూద్దాం.

అన్నంతో మొదలుపెడతాను. "అన్నం వండటం కూడా రాదా" అని అందరూ వెక్కిరించేది దాని గురించే కదా. వీడియోలో చెప్పేది ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. ఏ బియ్యానికి? అది చెప్పరు. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చుకుని పొడిపొడిగా ఉడుకుతుంది. కొత్త బియ్యానికి అదే కొలత పోస్తే ముద్దైపోతుంది. ఇంట్లో కొత్త బియ్యం బస్తా విప్పిన రోజు ఎవరూ చెప్పకుండానే అమ్మ ఎసరు తగ్గించేస్తుంది. రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఒకలా ఉడుకుతుంది. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇంకోలా ఉడుకుతుంది. ఇన్‌పుట్ మారితే ఔట్‌పుట్ మారుతుందని మనకి ఫస్ట్ సెమ్‌లోనే చెప్పారు. అన్నం గిన్నె దగ్గర మాత్రం ఆ సంగతి మర్చిపోతాం.

తాలింపు కూడా అంతే. నూనె కాగాక ముందు ఆవాలు వేసి, అవి చిటపటలాడటం మొదలయ్యాక మినప్పప్పు, తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, చివర్లో కరివేపాకు వేస్తారు. ఈ వరస ఎవరో సరదాకి పెట్టింది కాదు. ఏది వేగడానికి ఎంత సేపు పడుతుందో దాన్ని బట్టి వచ్చింది. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ఆవాలు పేలేలోపు జీలకర్ర మాడిపోతుంది.

వంట ఒక పద్ధతిగా నేర్పాల్సిన విద్య అని మనకంటే ముందు తరాలకి బాగానే తెలుసు. మాలతీ చందూర్ గారు నవలలు రాశారు, ఆంధ్రప్రభలో "ప్రమదావనం" శీర్షిక దశాబ్దాల పాటు నడిపారు. ఆవిడే "వంటలు పిండివంటలు" అనే పుస్తకం కూడా రాశారు. మళ్లీ మళ్లీ అచ్చయిన పుస్తకం అది. యూట్యూబ్ కాలానికొస్తే, వందేళ్లు దాటిన వయసులో "కంట్రీ ఫుడ్స్" ఛానెల్‌లో కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ గారు ఉన్నారు. 2018లో చనిపోయారు. ఆవిడ స్పూన్లతో కొలవకుండా చేత్తో వేస్తుంటే "ఎంత ఈజీగా చేసేస్తున్నారో" అనుకుంటాం. అది ఈజీ కాదు, అలవాటు. ఎన్నో ఏళ్ల కొలత ఆ చేతిలో ఉంది.

ఇక కుట్టు. మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్ వేస్తుంది. అందుకని ఇది కాస్త దగ్గర్నుంచి చూశాను. మిషను తొక్కడం పనిలో చిన్న భాగం. అసలు కథంతా కత్తెర దగ్గరే ఉంది. గుడ్డని నిలువుపోగు వెంట లాగితే దాదాపు సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. క్రాస్ కట్ జాకెట్టులో ముందు భాగాన్ని ఐమూలగా కత్తిరించేది అందుకే, ఒంటికి పట్టినట్టు ఉంటుందని. కాటన్ లైనింగ్ గుడ్డని ముందే తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. ఆది జాకెట్టు ఇచ్చినా సరే, "ఇది కుట్టించి ఎన్నాళ్లైందమ్మా, ఇప్పుడు బిగువుగా ఉందా వదులుగా ఉందా" అని అమ్మ అడుగుతుంది. పక్కల్లో కాస్త గుడ్డ వదిలి కుడుతుంది, రేపు వదులు చేసుకోవాల్సి వస్తే ఉండాలని. క్లయింట్‌తో మాట్లాడటం, రిక్వైర్‌మెంట్స్ రాసుకోవడం, తర్వాత మార్చుకునే వీలు ఉంచడం అని మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో యూనిట్ల కొద్దీ చదువుతున్నది ఇదే కదండీ.

అన్నం ముద్దయితే పెరుగు కలుపుకుని తినేయొచ్చు. జాకెట్టు బిగువైతే కుట్లు విప్పొచ్చు. జుట్టు రంగు దగ్గర మాత్రం అలా కుదరదు. అందుకని ఇది కొంచెం వివరంగా చెప్తాను.

పర్మనెంట్ రంగు జుట్టుకి పైన పూసే పెయింట్ కాదు. అమోనియా లాంటి క్షారం వెంట్రుక పైపొరని తెరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలున్న సహజమైన రంగుని కొంత తీసేస్తుంది. చిన్న అణువులు లోపలికి వెళ్లి, అక్కడే రసాయన చర్య జరిగి, పెద్దవై ఇరుక్కుపోతాయి. రంగు నిలవడానికి కారణం అదే. పెరాక్సైడ్‌లో 20 వాల్యూమ్ అంటే 6 శాతం, 40 వాల్యూమ్ అంటే 12 శాతం. "ఎక్కువైతే ఇంకా బాగా వస్తుంది" అనుకుంటే మాడేది జుట్టు, తల మీద చర్మం. మనలాంటి నల్లజుట్టుకి డబ్బా మీద బొమ్మలోని రంగు బ్లీచ్ లేకుండా సాధారణంగా రాదు. ఎండలో నిలబడితే కాస్త ఎర్రగా మెరుస్తుంది, అంతే.

అసలు జాగ్రత్త పడాల్సింది పీపీడీ దగ్గర. చాలా ముదురు రంగుల్లో ఉండే రసాయనం ఇది. కొందరికి దీనితో ఎలర్జీ వస్తుంది: దురద, పొక్కులు, కళ్లు మూసుకుపోయేంత వాపు. పడుతుందో లేదో తెలుసుకోవాలంటే రంగు వేసుకునే 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. డబ్బాలో ఉండే కాగితంలో ఇది రాసే ఉంటుంది. ముప్పై సెకన్ల రీల్‌లో 48 గంటలు ఎలా పడతాయి చెప్పండి? ఒకసారి పడింది కదా అని ఊరుకోకూడదు, ఎలర్జీ తర్వాతైనా రావొచ్చు. కనుబొమ్మలకి, రెప్పలకి అస్సలు వాడకూడదు. ఐరోపాలో ఈ రంగుల డబ్బాల మీద 16 ఏళ్లలోపు వాళ్లకి కాదని రాయడం తప్పనిసరి. "నేచురల్ హెన్నా" అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆషాఢంలో మనం పెట్టుకునే గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నీలిమందు ఆకు పొడి కలిపితే నల్లబడుతుంది కానీ దానికి గంటలు పడుతుంది. పది నిమిషాల్లో కారునలుపు తెచ్చే "హెన్నా" దొరికితే ముందు వెనక్కి తిప్పి అందులో ఏమున్నాయో చదవండి. పార్లర్‌లో అక్క మనల్ని కూర్చోబెట్టి "ఇదివరకు ఏం వేశారు, ఎప్పుడు వేశారు" అని అడిగేది కబుర్లకి కాదు. పాత రంగు మీద కొత్త రంగు ఎలా పనిచేస్తుందో ఆవిడకి తెలుసు.

ఇంతవరకూ మన నష్టం. ఇప్పుడు రెండో నష్టం చెప్తాను, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఇంటర్ అయ్యాక ఒక ఆన్‌లైన్ ఫారం నింపుతున్నాం. తల్లి వృత్తి దగ్గర డ్రాప్‌డౌన్ వచ్చింది: ప్రభుత్వ ఉద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం, హౌస్ వైఫ్. నాన్న ఒక్క సెకను కూడా ఆగకుండా ఆఖరిది నొక్కారు. అప్పుడు పక్కగదిలో మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. నా బస్సు పాసు, రికార్డులు, క్యాలిక్యులేటర్ ఆ మిషను మీద వచ్చిన డబ్బులతోనే కొన్నాం. అమ్మనడిగితే "నాదేం ఉద్యోగమే, ఖాళీగా కూచోలేక కుడతన్నాను" అంది. మిషను నేర్పమంటే కూడా అంతే: "నీకెందుకే ఇయ్యన్నీ, చక్కగా కంప్యూటర్ చదువుకుంటన్నావుగా!"

"ఖాళీగా కూచోలేక" అన్న మాటకి మన జిల్లాలో పెద్ద చరిత్రే ఉంది. నరసాపురం లేసు పేరు అందరం విన్నాం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ అల్లిక మన వైపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని క్రోషే సూదితో అల్లిన లేసు విదేశాలకి వెళ్లింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి వాళ్ల పని మీద పరిశోధన చేసింది. 1982లో ఆ పుస్తకం వచ్చింది. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది: ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్ కోసం గంటల తరబడి పనిచేస్తున్నారు. కానీ వాళ్లని కార్మికులు అనకుండా "ఇంట్లో ఉండే గృహిణులు, తీరిక వేళల్లో అల్లుకుంటున్నారు" అనడం వల్లే అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైంది. అంటే తీరిక అనే పేరు పెడితే రేటు తగ్గుతుంది. "ఏముంది అందులో" అనే మాట చేసే పని అచ్చంగా ఇదే.

ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2023లో, ఆత్రేయపురం పూతరేకులకీ వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క లాగుతో కాగితంలాంటి రేకు. దాన్ని చూసి మనం "అబ్బ, ఏం పనితనం!" అంటాం. పనికి పేరు, గుర్తింపు వస్తే చూసే చూపు మారుతుందన్నమాట. మరి ఇంట్లో రోజూ జరిగే పనితనానికి ఎందుకు మారదు?

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేకుండా ఆ పని చేస్తున్నారు. అలా పనిచేసే మగవాళ్ల సగటు 97 నిమిషాలు. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు, గృహిణి పనికి ఆర్థిక విలువ లేదనే ఆలోచన తప్పని, దాన్ని దాటాలని తీర్పులో రాశారు. ఆ విలువ మనిషి పోయాక పరిహారం లెక్కలో మాత్రమే కనిపించడం నాకు నచ్చడం లేదు. ఉన్నప్పుడే కనిపించాలి.

"అంటే అమ్మాయిలందర్నీ మళ్లీ వంటింట్లోకి పంపుతావా" అని నా ఫ్రెండ్ ఒకమ్మాయి అడిగింది. కాదు. అబ్బాయిలూ నేర్చుకోవాలి, అదీ "అమ్మకి హెల్ప్" అనుకుంటూ కాదు, తమ పనిగా. ఇంకొకడు "కొనుక్కుంటే పోలా, ఇదంతా ఎందుకు" అన్నాడు. కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ ఒక్కసారి సొంతంగా చంక దగ్గర కోత కోసి చూసినవాళ్లు "ఒక్క జాకెట్టుకి ఇంతా?" అని టైలర్ దగ్గర బేరం ఆడరని నా నమ్మకం.

మన లిటరరీ క్లబ్‌కి ఒక ప్రతిపాదన. వచ్చే సెమిస్టర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం పెడదాం. మన ఊళ్లలో కుట్టేవాళ్లని, వండేవాళ్లని, పార్లర్ నడిపేవాళ్లని పిలుద్దాం. కోడింగ్ వర్క్‌షాప్‌కి వచ్చే గెస్ట్‌కి ఇచ్చినట్టే వాళ్లకీ ఫీజు ఇద్దాం, బ్యాడ్జ్ మీద వాళ్ల పని పేరు రాద్దాం. వాళ్లు చెప్పింది మనం తెలుగులో రాసిపెడదాం. ఆది జాకెట్టు, ఐమూల, ఎసరు లాంటి మాటలు మా ఇంగ్లీష్ మీడియం బ్యాచ్‌కి ఇప్పుడే సగం తెలియవు.

సీఎస్ఈ వాళ్లకి ఇంకో మాట. ఆ డ్రాప్‌డౌన్ కూడా ఎవరో ఒక డెవలపర్ రాసిందే. రేపు అలాంటి ఫారాలు రాసేది మనమే. అప్పుడు ఆ లిస్టులో "కుట్టుపని" అని ఒక లైను పెట్టడానికి నిజంగానే ఐదు నిమిషాలు చాలు.