అరువు బలగాలకు ఉత్తర తెలంగాణ పాఠం

2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లో అడుగుపెట్టే నాటికి అఫ్గాన్ బలగాల మీద అమెరికా పెట్టిన ఖర్చు 8 వేల కోట్ల డాలర్లు దాటింది. లేనేలేని సైనికుల పేర్లతో జీతాలు డ్రా అయ్యాయి. విమానాలకు మరమ్మతులు చేయాల్సిన విదేశీ కాంట్రాక్టర్లు ముందే వెళ్లిపోయారు. మాలి సైన్యానికి యూరోపియన్ యూనియన్ 2013 నుంచి శిక్షణ ఇస్తే, 2020లో ఆ సైన్యమే సొంత ప్రభుత్వాన్ని కూలదోసింది.

ఉగ్రవాదాన్ని అణచే సత్తా బయటి నుంచి తెచ్చి పెడితే నిలవదు. నక్సలైట్ ఉద్యమాన్ని ఎదుర్కొన్న ఉత్తర తెలంగాణ జిల్లాలు కరీంనగర్, ఆదిలాబాద్ అనుభవం చెప్పేదీ అదే.

రైతుకూలీల 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని సర్కారు చెప్పింది. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలన్నాయి. అలాంటి చోట పోలీసుకు నిజం చెప్పేదెవరు?

నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్ ఏర్పాటు చేసిన ప్రత్యేక బలగం గ్రేహౌండ్స్‌లో చేరినవాళ్లు రాష్ట్ర పోలీసులే. మందుపాతరల భయంతో జీపులు వదిలేసి, మూటాముల్లె వీపున వేసుకుని, రాత్రిళ్లు అడవిలో నడిచేవారు. 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపినా బలగం చెదరలేదు. ఆ బలగం వెనక నెలనెలా జీతమిచ్చే ఖజానా, నిలదీసే అసెంబ్లీ, కోర్టులు ఉన్నాయి. ఆ బలగమే సొంత నేల దాటి ఒడిశాకు వెళ్లినప్పుడు, 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన దాడిలో 38 మంది ప్రాణాలు కోల్పోయారు.

స్థానికుల చేతికి తుపాకులిస్తే చాలుననుకోవడమూ పొరపాటే. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరిట ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి మోహరించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

గ్రేహౌండ్స్ విజయాలు చెప్పేవాళ్లు ఎన్‌కౌంటర్ల ఊసెత్తరు. అది అన్యాయం. కొడుకు శవం కోసం ఆసుపత్రి మార్చురీ ముందు పడిగాపులు పడ్డ తల్లులు ఈ రెండు జిల్లాల్లో ఎందరో. బూటకపు ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల న్యాయవాది కె.బాలగోపాల్ లాంటివారు ఊళ్లు తిరిగి నిజనిర్ధారణ చేశారు, హైకోర్టులో వాదించారు. న్యాయం అన్నిసార్లూ దొరకలేదు, కానీ అడగడానికి ఒక చోటు ఉండింది. మాలిలో సైనికుల చేతుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఆ చోటూ కరువే.

భూమి సంగతి ఇంకా ఆలస్యమైంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా, తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక పోడు (అటవీ భూమి సాగు) పట్టాల భారీ పంపిణీ 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైంది. ఇంద్రవెల్లి కాల్పులకు అప్పటికి 42 ఏళ్లు. అందుకే, విదేశీ సైన్యాలకు సాయం చేసే దేశాలు డ్రోన్లకు రాసే చెక్కులో కొంతైనా తహసీల్దారు కచేరీకి, జిల్లా కోర్టుకు, ఠాణాలో ఫిర్యాదు రాసుకునే మనిషి జీతానికి కేటాయించాలి. ఎన్‌కౌంటర్ మృతులపై విచారణ జరిపించని సైన్యానికి మరుసటి విడత సాయం ఆపేయాలి.