రాతిలో ఉన్నదా, చదువరిలో ఉన్నదా?

పద్యానికి ప్రతిపదార్థం చెబుతూండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఈ అర్థం పద్యంలో ఉన్నదా, తమరు పెట్టినదా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. శబ్దానికీ అర్థానికీ గల సంబంధం నిత్యమని మీమాంసకులు, సంకేతం వలన ఏర్పడినదని నైయాయికులు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్నే అది. ఆ శాస్త్రచర్చను పెద్దలకు విడిచి, పాఠకులను మన జిల్లా రాళ్ల వద్దకు తీసుకొని పోదలచినాము.

వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయం. అక్కడి ఆలయాలలో శాసనాలున్నాయి. తరతరాలుగా భక్తులు వాటి ప్రక్కనుంచే నడిచిపోయారు. వారికవి వట్టి గీతలు. ఆ చేరువనే పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయంకృషితో ఆ లిపులను నేర్చి చదివారు. రాతిలో కొత్తగా ఒక్క అక్షరమైనా చేరలేదు. అయినా దాతల పేర్లు, దానాల వివరాలు పలికాయి.

అయితే అర్థమంతా చదివేవాని మనసులోనే ఉన్నదందామా? తొందరపడరాదు. 14వ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ టోప్రా నుంచి అశోకుని స్తంభాన్ని 42 చక్రాల బండి మీద యమునకు చేర్చి, పడవలలో ఢిల్లీకి తెప్పించాడు. దానిమీది వ్రాత ఎవరికీ రాలేదు. ఫిరోజ్ అనే ప్రభువు వచ్చేవరకు దీనిని ఎవరూ కదల్చలేరని అందులో వ్రాసి ఉన్నదని కొందరు చెప్పారట! (ప్రభువుల ఎదుట అర్థాలు ఇట్లాగే పుడతాయి.) 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించాడు. తీరా చూస్తే అందులో ఉన్నది బాటసారుల నీడకై నాటించిన మర్రిచెట్లు, మామిడితోపులు, త్రవ్వించిన బావుల ముచ్చట.

ప్రిన్సెప్‌దీ మొదట ఊహే. సాంచి రాతికంచె మీది పొట్టి శాసనాలు అవే రెండక్షరాలతో ముగియడం గమనించి, అది 'దానం' కావచ్చునని తలచాడు. కాని ఒకచోట ఇచ్చిన ధ్వని అన్నిచోట్లా నిలవాలి, అన్ని స్తంభాలమీదా పొసగాలి. అతని ఊహను రాయి నిలబెట్టింది, ముఖస్తుతిని నిలబెట్టలేదు. అర్థం మనసులోనిదే అయితే ఆ ఇద్దరికీ భేదమేమున్నది? మనసు అడుగుతుంది, అవునో కాదో చెప్పేది వస్తువు.

ఇంతగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే ఉన్నది. మా ముత్తాతగారి రేకుపెట్టెలో ఒక ఉర్దూ కాగితం ఉండేది. ఖురాన్ అక్షరాలు చిన్ననాడే నేర్చినా, గొలుసుకట్టు చేతివ్రాత ఇంటిలో ఎవరికీ రాదు. మా అమ్మగారు దానిని ఏదో దువా అని నమ్మి, పండుగనాడు తీసి కళ్లకద్దుకొని మళ్లీ గుడ్డలో చుట్టేవారు. ముప్పయి దాటిన తరువాత మేము ఆ వ్రాత నేర్చి కూడబలుక్కుంటే, అది పొరుగువారి వద్ద తీసుకున్న మూడు పుట్ల ధాన్యానికి బాకీ చీటీ! తీర్చినట్లు ఎక్కడా లేదు. అమ్మగారి భక్తి అబద్ధమని మేమనము. కాని ఆ భక్తి వలన ధాన్యం ఎవరి ఇంటికీ చేరలేదు. చనిపోయినవారి అప్పు వారసుల మెడకే ఉంటుందని ఆమే మాకు నేర్పారు.

ఈ సంచిక చేతికి రాగానే మన విద్యార్థులు తెలుగువారు ఈ అట్టనుంచి, ఉర్దూవారు ఆ అట్టనుంచి తెరిచి, నడుమకు వచ్చి ఆగిపోతారు. అవతలి సగం ఉభయులకూ ముఖలింగం గోడే. ప్రక్క బల్లమీద కూర్చున్న మిత్రుణ్ణి ఒక్క పుట చదివి చెప్పమని అడిగినవారిని మేమింకా చూడలేదు.

ఆ బాకీ చీటీలో అప్పిచ్చినవారి పేరు మాకు నేటికీ అంతుపట్టలేదు. మొదటి అక్షరం 'సీన్' అని తోస్తుంది, తరువాతిది చెరిగిపోయింది. తరగతిలో ఆ ప్రశ్న వేసిన విద్యార్థికి ఉర్దూ చేతివ్రాత బాగా వచ్చునట. వచ్చే శనివారం ఇంటికి రమ్మన్నాము.