ఫార్వర్డ్ చేసిన ముబారక్ నాకొద్దు

చాంద్ కనబడిందో లేదో ఫోన్లు మోగడం మొదలవుతుంది. అదే బంగారు చంద్రవంక, అదే ఫానూస్, అదే మినార్, కింద అదే ముబారక్. పోయిన ఈద్‌కు ఒక్క బొమ్మనే నాకు పదకొండు మంది పంపారు. అందులో ముగ్గురు సొంత రిష్తేదార్లు. ఒక్కరు కూడా కింద నా పేరు రాయలేదు. వేలితో ఒకసారి నొక్కితే రెండు వందల మందికి పోయే దాన్ని ముబారక్‌బాద్ అని ఎట్లా అంటాం?

నా మాట సూటిగా చెప్తాను. ఈద్ కార్డు మన ఇళ్లలోకి మళ్లీ రావాలి. చేత్తో చేసిన కార్డే రావాలి. మన పిల్లలతో చేయించాలి. చేసి అమ్మే ఆడబిడ్డలకు సరైన మజూరీ ఇచ్చి కొనాలి. ఇదంతా పనిలేని వాళ్ల షౌక్ అని కొట్టిపారేసే పెద్దమనుషులతోనే నా ఝగడా.

ముందు జుబాన్ సంగతి. నేను స్కూల్లో ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. రెండు లిపులూ చేతికి ఉన్నవాణ్ణి. మా నల్లమాడలో, ఇటు కదిరిలో, అటు ధర్మవరం, హిందూపురంలో ఎవరింటికి పోయినా పిల్లలు అమ్మీతో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు రాస్తారు. ఉర్దూలో పేరు రాయమంటే పెన్ను పక్కన పెడతారు. ఖురాన్ నాజిరా పూర్తిచేసిన బిడ్డకు అలిఫ్, బే వచ్చు. పే, చే, గాఫ్ దగ్గర ఆగిపోతుంది, అవి అరబీలో లేవు కదా. ఆ బిడ్డకు దీవాన్ చదివిస్తారా? ముందు మూడు మాటలు రాయించండి: ఈద్ ముబారక్ నానీజాన్. నానీ ఆ కాగజ్‌ను బీరువాలో దాచుకుంటుంది. ఫార్వర్డ్ చేసిన బొమ్మను ఎవరు దాచుకున్నారు?

ఇక హునర్. ఇందులో ఏముంది, కాగితం మడవడమే కదా అనేవాళ్లు ఒకసారి చేసి చూడండి. దళసరి కాగితం వెనకవైపు, చంద్రవంక ఆకారంలో కోసిన అట్టను కింద పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో అంచు వెంబడి మెల్లగా నొక్కుతూ పోవాలి. తిప్పి చూస్తే ముందువైపు చంద్రవంక ఉబ్బి ఉంటుంది. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెల్లగా నొక్కితే ఏమీ కనబడదు. ఇంకో తరీఖా ఉంది. తొందరగా ఆరని సిరాతో ముద్ర వేసి, పచ్చిగా ఉన్నప్పుడే సన్నటి ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపేసి, వేడిగాలి తగిలించాలి. పొడి కరిగి అక్షరం మెరుస్తూ పైకి లేస్తుంది. పువ్వు పంచ్, సితారా పంచ్ కొనలేని ఇంట్లో బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దినా పువ్వే పడుతుంది.

రబ్బరు మీద ఉర్దూ ముహర్ చెక్కాలంటే తమాషా ఇంకోటి. కాగితం మీద సరిగ్గా పడాలంటే రబ్బరు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. అంటే కుడి నుంచి ఎడమకు పోయే ఉర్దూ అక్కడ తెలుగులాగా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది! బజారులో కొన్న కార్డు ఇంగ్లీషు పుస్తకంలాగే తెరుచుకుంటుంది. ఉర్దూ కార్డుకు మడత కుడివైపు ఉండాలి. ఇంట్లో చేసే బిడ్డ ఈ రెండూ ఆలోచించి తీరాలి. ఆలోచించిన బిడ్డకు లిపి వద్దన్నా వస్తుంది.

ఇప్పుడు ఎతరాజులకు వస్తాను. ఒక భాయ్‌సాబ్ అంటారు, ఇది అంగ్రేజుల నకలు, క్రిస్మస్ కార్డు చూసి నేర్చింది, బిద్అత్ అని. అచ్చు వేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ చేయించాడు, నిజమే. ఈద్ కార్డు దాని తర్వాతిదే, అదీ నిజమే. కాని మన నబీ (స.అ.స.) రాజులకు ఖత్‌లు పంపదలచినప్పుడు, ముహర్ లేని ఖత్ వాళ్లు తీసుకోరని సహాబా చెప్తే ఏం చేశారు? వెండి ఉంగరం చేయించి, దాని మీద ముహర్ చెక్కించారు. పరాయివాళ్ల దస్తూర్ అని వద్దనలేదు. ఖత్ చేరాలి, చదవబడాలి, అందుకోసం మంచి తరీఖా తీసుకున్నారు. ఈద్ కార్డు పంపడం ఇబాదత్ అని నేను అనడం లేదు. ఒక మనిషి ఇంకో మనిషి ఖుషీ కోరే కాగితం అది, అంతే. ఈ ఫత్వా నాకు వచ్చింది కూడా వాట్సాప్‌లోనే. ఆ ఫోన్ ఎవరు కనిపెట్టారని భాయ్‌సాబ్ అడగలేదు.

ఇంకొకరు ఫజూల్ ఖర్చు అంటారు. మంచిది, ఖర్చు గురించే మాట్లాడదాం. మన షాదీల రుఖ్కాలు చూడండి. లేజర్ కోత, బంగారు రేకు, మఖ్మల్ పెట్టె, లోపల నాలుగు కాగితాలు. బెంగళూరు నుంచో, హైదరాబాద్ ఛత్తా బజార్ నుంచో తెప్పించుకుంటాం. దగ్గర్లో వేయించుకుంటే ఉర్దూ ఎరగని డీటీపీలో హర్ఫులు విడివిడిగా, వెనక్కి ముందుకి పడతాయి. ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ అడగరు. వలీమా అయిన మర్నాడు బంగారు రేకుతో ఉబ్బించిన బిస్మిల్లా మోరీ పక్కన పడి ఉంటుంది. అది తౌహీన్ కాదా? దానికి వేలు పెట్టినవాళ్లకు ఒక బిడ్డ చేసిన ముప్పై రూపాయల కార్డు ఫజూల్‌గా కనబడుతుంది!

ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబులు రుఖ్కాలు చేత్తో రాసేవారు. కంప్యూటర్ వాళ్ల కలం తీసుకుంది. 1927లో మద్రాసులో మొదలైన ‘ది ముసల్మాన్’ ఉర్దూ దినపత్రిక మాత్రం కంప్యూటర్లు వచ్చాక కూడా కాతిబులతోనే రాయించింది. రోజూ ఒక అఖ్బార్ మొత్తం చేత్తో రాయగలిగారు. మనకు ఏడాదికి రెండు ఈద్‌లకు నాలుగు కార్డులు రాయడానికి టైం లేదట.

మజూరీ దగ్గర మన బుద్ధి మరీ బయటపడుతుంది. మా వైపు బారహవీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడబిడ్డలు చాలామంది కార్డులు, లిఫాఫాలు, ఈదీ కవర్లు బాగా చేస్తారు. “ఎంత బాగుంది బేటీ, మాకు ఇరవై చేసిపెట్టు” అంటాం. ధర చెప్పగానే “అరే, కాగితమే కదా, ఇంట్లో ఖాళీగానే ఉన్నావు కదా” అంటాం. దర్జీకి సిలాయి డబ్బు ఇస్తాం, మెహందీ పెట్టే అమ్మాయికి కూడా ఇవ్వడం నేర్చుకున్నాం. దీనికి ఎందుకు ఇవ్వం? ఖాళీగా ఉన్న చేయి అంటే ఉచితంగా దొరికే చేయి అనా?

దూరం పోనక్కర్లేదు, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట చూడండి. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేకతోలు మీద రకరకాల ఉలులతో చిల్లులు కొడతారు. ఆ చిల్లుల్లోంచి వెలుగు వస్తే బొమ్మ మెడలో నగలు మెరుస్తాయి. మన పిల్లల కాగితం పంచ్‌కు పెద్దన్న లాంటి పని అది. ఆట చూసేవాళ్లు తగ్గాక వాళ్లు అదే తోలుతో, అదే ఉలితో దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్మారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఉస్తాదుల చేతిలో హునర్ ఉండటం ఒక సగం. ఆ దీపపు తొడుగు డబ్బిచ్చి కొన్నవాళ్లు రెండో సగం. మన దగ్గర మొదటి సగం ఉంది, రెండోది లేదు.

కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్న భాయ్‌కి కార్డు పోస్టు చేస్తే ఎప్పుడు చేరేను అని అడుగుతారు. సరైన ప్రశ్నే. పిల్లలు చేసిన కార్డును ఫోటో తీసి పంపండి. కార్డు మాత్రం ఉంచండి, సెలవుకు వచ్చినప్పుడు చేతికివ్వండి. ఫోన్ మీద నాకు దుష్మనీ లేదు. మనిషి పేరు లేని ముబారక్ మీదే ఉంది.

రాబోయే ఈద్‌కు ప్రతి ఇంట్లో ఒక పని చేయండి. రంజాన్ ఆఖరి అష్రాలో షాపింగ్ తొక్కిసలాట మొదలు కాకముందే, ఒక ఆదివారం జుహర్ తర్వాత పిల్లలను కూర్చోబెట్టి నాలుగు కార్డులు చేయించండి. ఒకటి నానీకి, ఒకటి ఉస్తాద్‌కు, ఒకటి పక్కింటి హిందూ ఖాలాకు తెలుగులో, ఒకటి పిల్లలకు ఇష్టమైన వాళ్లకు. స్పెల్లింగ్ తప్పితే తిట్టకండి, పక్కన సరిగ్గా రాసి చూపండి. మీకే ఉర్దూ రాయడం రాకపోతే పిల్లలతోపాటు కూర్చోండి. మిగతా కార్డులు మీ మొహల్లాలో చేసే బిడ్డ దగ్గర కొనండి. ఆమె చెప్పిన ధర ఇవ్వండి, బేరం ఆడకండి. బేరం ఆడాలని చేయి దురద పెడితే మఖ్మల్ పెట్టె రుఖ్కా అమ్మే దుకాణంలో ఆడండి.