చెప్పడం నేరంగానే ఉండాలి

కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడాన్ని చట్టబద్ధం చేయాలన్న వాదన ఉండుండి తలెత్తుతోంది. 2016లో అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ ఈ ఆలోచన బయటపెట్టారు. 2024లో భారత వైద్య సంఘం అధ్యక్షుడి హోదాలో డాక్టర్ ఆర్.వి. అశోకన్ దాదాపు అదే మాటన్నారు. లింగం చెప్పేద్దాం, ఆడపిల్ల అని తేలితే నమోదు చేసి కాన్పు దాకా కనిపెట్టుకుని ఉందాం అన్నది ఈ వాదన సారం. ఉద్దేశం మంచిదే కావచ్చు. అమల్లోకి వస్తే మాత్రం ఆడపిల్లకూ తల్లికీ ఇద్దరికీ కీడే. దీన్ని ఒప్పుకోకూడదు.

1996 నుంచి అమల్లో ఉన్న, 2003 సవరణలతో గట్టిపడిన, లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం స్కానింగ్ యంత్రం మీదా దాన్ని నడిపే డాక్టరు మీదా కన్ను వేస్తుంది. మాటతో గానీ, సైగతో గానీ, మరే రకంగా గానీ లింగం చెప్పకూడదంటుంది. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు. గర్భిణిని మాత్రం దోషిగా చూడదు. వేరే రుజువు లేనంతవరకు భర్తో బంధువులో బలవంతపెట్టారనే భావిస్తుంది. మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది.

కొత్త వాదన ఈ కన్నును డాక్టరు మీద నుంచి తీసి గర్భిణి మీద పెడుతుంది. తొలి నెలల్లో గర్భం దానంతటదే పోవడం అరుదేమీ కాదు. అలా పోగొట్టుకుని ఏడుస్తున్న తల్లి ఇకమీదట సంజాయిషీ కూడా చెప్పుకోవాలి. ఇల్లిల్లూ తిరిగి ఐరన్ మాత్రలిచ్చే ఆశా కార్యకర్త పోలీసు పని చేయాలి. ఆమెను చూసి తలుపు వేసుకునే ఇళ్లు పెరుగుతాయి. గర్భాన్ని నమోదు చేయించుకోకుండా నాటు వైద్యం దగ్గరికి పోయేవాళ్లూ పెరుగుతారు. ఇద్దరు ఆడపిల్లల తల్లికి మూడోదీ ఆడపిల్లేనని నాలుగో నెలలో ఆసుపత్రి కాగితమే చెప్పాక, మిగిలిన నెలలు ఆ ఇంట్లో ఎలా గడుస్తాయి? ఆమె తిండి, నిద్ర, మందులు, పడే మాటలు ఏ రిజిస్టరులోనూ ఎక్కవు. పుట్టిన పిల్లకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరో కూడా ఎక్కదు.

చట్టం ఉన్నా ఆగలేదు కదా అంటున్నారు. నిజమే, ఆగలేదు. ప్రకృతి సహజంగా వెయ్యిమంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 934, తెలంగాణలో 894. చదువులో, ఆదాయంలో ముందుకు దూసుకుపోతున్నామని చెప్పుకునే తెలంగాణకు ఇది సిగ్గుచేటు. కానీ ఈ తప్పు చట్టానిది కాదు, దాన్ని బీరువాలో పెట్టినవాళ్లది.

ఫారం ఎఫ్ సంగతే చూడండి. గర్భిణికి స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఇది నింపాలి. బతికున్న కొడుకులెందరు, కూతుళ్లెందరు, ఎవరు పంపారు, ఎందుకు చేశారు, అన్నీ అందులో ఉండాలి. నెల నెలా జిల్లా అధికారికి పంపాలి. ఈ కాగితాలను ఎవరైనా కూర్చుని చదివితే చాలు. కూతుళ్లున్న తల్లులే పదే పదే ఏ సెంటరుకు వస్తున్నారో, వాళ్లను ఏ డాక్టరు పంపిస్తున్నాడో బయటపడుతుంది. అందుకే ఈ ఫారం మీద పోరాటం జరిగింది. రాతకోతల్లో పొరపాట్లను నేరంగా చూడొద్దని ప్రసూతి వైద్యుల సమాఖ్య సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019లో కోర్టు కుదరదంది. చట్టం నిలబడేది ఆ రికార్డుల మీదేనని ధర్మాసనం గుర్తించింది. ఆ తీర్పు చేతిలో ఉండి కూడా ఫారాలు కట్టలు కట్టి అటకెక్కిస్తే ఇక అడిగేదెవరు? పైగా ఈ చట్టం కింద కేసు నడవాలంటే అధీకృత అధికారి ఫిర్యాదు చేయాలి, లేదా పదిహేను రోజుల నోటీసిచ్చి పౌరుడే కోర్టుకెక్కాలి. అధికారి నిద్రపోయి, పౌరుడూ కదలకపోతే కేసూ నిద్రపోతుంది.

ఇంకో హెచ్చరిక కూడా అవసరం. లింగ నిర్ధారణను అడ్డుకునే పేరుతో, 1971 నాటి చట్టం ఇచ్చిన గర్భస్రావ హక్కుకు ఎవరూ అడ్డుపడకూడదు. అవసరమై వచ్చిన మహిళను అనుమానంతో తిప్పి పంపితే ఆమె ప్రాణానికే ముప్పు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ లింగ నిర్ధారణ చట్టం అమలుకు ప్రతి జిల్లాలో వేరే బాధ్యతలు లేని అధికారిని నియమించాలి. ప్రతి స్కానింగ్ యంత్రం ఎక్కడుందో, కారులో పెట్టుకుని తిప్పే చిన్న యంత్రాలతో సహా, లెక్క తేల్చాలి. కోర్టు అభియోగాలు మోపిన డాక్టరు రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయాలని చట్టంలోనే ఉంది. వైద్య మండళ్లు అది చేసి చూపాలి. పాఠకులకూ ఒక విన్నపం. మీ ఊళ్లో డబ్బు తీసుకుని ఆడో మగో చెబుతున్న సెంటరు సంగతి మీకు తెలిస్తే జిల్లా అధీకృత అధికారికి, కోర్టుకు వెళ్తానని కూడా తెలుపుతూ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే నేరుగా కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది.