వాచ్‌కి వాటర్ రేటింగ్ సరే, మరి స్ట్రాప్ సంగతి?

బాక్స్ మీద 5ఏటీఎం అని కనిపిస్తే చాలు, "ఇంక నీళ్లతో టెన్షన్ లేదు బ్రో" అనేస్తాం. ఆ రేటింగ్ వాచ్ లోపలికి నీళ్లు పోకుండా ఉండటం గురించే. బయటి మెటల్ స్ట్రాప్ తుప్పు పట్టదని ఎక్కడా హామీ లేదు. యాపిల్ అయితే తన స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాండ్లు వాటర్ రెసిస్టెంట్ కావని ముందే చెప్పేసింది.

స్టెయిన్‌లెస్‌కి కాపలా కాసేది స్టీల్‌లోని క్రోమియం పైన కట్టే పలుచని ఆక్సైడ్ పొర. చెమటలోని ఉప్పు దాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. లింకుల సందుల్లో తడి త్వరగా ఆరదు కాబట్టి ముందు అక్కడే మొదలవుతుంది. నికెల్ బయటికొస్తే కొందరికి చర్మం దురద పెడుతుంది కూడా. 304 గ్రేడ్ కన్నా 316ఎల్ దీన్ని బాగా తట్టుకుంటుంది, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది.

మా మెదక్ వాళ్లు ఏడుపాయల వెళ్లి మంజీరలో ఒక మునక వేస్తే స్ట్రాప్‌కి పెద్దగా ఏమీ కాదు, అవి మంచినీళ్లే. మే నెల ఎండలో రోజూ కారే చెమటే అసలు సమస్య.

స్క్రీన్ ఎన్ని నిట్సో పెద్ద అక్షరాల్లో వేసే కంపెనీలు, స్ట్రాప్ ఏ గ్రేడ్ స్టీలో ఒక్క లైన్ రాయలేవా? "ప్రీమియం మెటల్" అంటే స్పెసిఫికేషన్ కాదు. గ్రేడ్ రాయకపోతే నా సలహా ఒకటే: జిమ్‌కి, క్రికెట్‌కి సిలికాన్, ఫంక్షన్లకి మెటల్. చెమట పడితే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి.