కాలువ ఓడలో నడిమి గది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు కాలువ కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువకు కాగితాల్లో ఉన్న పేరు లాల్ బహదూర్ కాలువ. తల దగ్గర 11,000 క్యూసెక్కులు మోసే ఆ కాలువ హాలియా, వేములపల్లి మీదుగా వచ్చి, ఈ ప్రాంతపు పొలాలను తడిపి ఖమ్మం వైపు సాగిపోతుంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన నాటి నుంచి ఇక్కడి నాట్లు, కోతలు, రైసు మిల్లులు అన్నీ దాని నీటి విడుదలను బట్టే నడుస్తున్నాయి. అయితే అది పొలం కాలువ. దాని మీద పడవెక్కి, రాత్రి పడుకుని, తెల్లారి ఇంకో ఊళ్లో దిగే అలవాటు మన వైపు లేదు.

అందుకే అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న కొడుకో బిడ్డో ఫోన్ చేసి "నాన్నా, ఈసారి వచ్చినప్పుడు మీకు కాలువ క్రూజ్ బుక్ చేస్తున్నం, రూము ఏది తీసుకోమంటవ్?" అని అడిగితే, ఇక్కడి నుంచి పోయే జవాబు తరచూ ఒకటే: "పైది తీస్కో బిడ్డా, గాలీ వెలుతురూ ఉంటది." లాడ్జికి ఆ జవాబు చాలు. కాలువ ఓడ సంగతి వేరు. ఎక్కువ డబ్బు పోసి తక్కువ సుఖం కొనుక్కునేది సరిగ్గా అక్కడే.

ముందు ఒక లెక్క తేలాలి. ఆ ప్రయాణంలో కాలువ ఎంత, సముద్రం ఎంత? పనామా కాలువ క్రూజ్ అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. 1914లో తెరిచిన ఆ కాలువ పొడవు సుమారు 80 కిలోమీటర్లు. దాటడానికి పట్టేది ఎనిమిది నుంచి పది గంటలు. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయే ఓడల ప్రయాణం మాత్రం పది, పదిహేను రోజులు ఉంటుంది. అంటే ఒక పగలు కాలువ, మిగతాదంతా కెరటాలే. అలాంటప్పుడు గదిని సముద్రం లెక్కనే ఎంచుకోవాలి. ఓడ ఊగినప్పుడు రెండు కొసలూ, పై అంతస్తులూ ఎక్కువ కదులుతాయి. నడుమ భాగంలో, కిందికి ఉన్న గది తక్కువ కదులుతుంది. బస్సెక్కితేనే కడుపులో తిప్పేవాళ్లకు అదే క్షేమం.

ఇక ఆ ఒక్క పగలూ గదిలో కూర్చునే పనే లేదు. గటూన్ దగ్గర వరసగా ఉన్న మూడు లాకుల్లో, అంటే గేట్ల మధ్య నీళ్లు నింపే తొట్లలో, ఓడ సముద్ర మట్టం నుంచి 26 మీటర్లు పైకి లేచి చెరువులో చేరుతుంది. పాత లాకుల వెడల్పు 33.5 మీటర్లు, వాటిలో పట్టే అతి పెద్ద ఓడల వెడల్పు 32.3 మీటర్లు. పక్కన మిగిలేది రెండడుగుల సందు. కింది గది కిటికీకి కాసేపు గోడే దిక్కు. ముక్కు దగ్గరి డెక్ మీద నిలబడితే ఎదురుగా గేట్లు తెరుచుకోవడం, గోడల మీది పట్టాలపై ఓడను తీగలతో పట్టి నిలిపే విద్యుత్ ఇంజన్లు, పక్క వరసలో లేస్తున్న మరో ఓడ, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఆ ఒక్క రోజు కోసమని బాల్కనీ గదికి డబ్బు పెట్టొద్దనే నేను చెబుతాను.

నిజంగా కాలువలోనే నిద్రపోయే ప్రయాణాలు యూరప్‌లో ఉన్నాయి. రైన్, డాన్యూబ్ నదులను కలిపే పొడుగాటి జలమార్గంలో, జర్మనీలోని బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ దాకా 171 కిలోమీటర్ల కాలువ ఉంది. 1992లో పూర్తయింది, మధ్యలో 16 లాకులు. అక్కడ కెరటం లేదు, ఊగడం లేదు, కాబట్టి సముద్రం లెక్కను పక్కన పెట్టేయాలి. అక్కడ చూసుకోవాల్సినవి చప్పుడు, గోడ, మెట్లు.

లాకు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ హయాంలో తవ్విన కాలువలు సాగుకూ పడవలకూ కలిపి ఉద్దేశించినవే. నీటి మట్టం మారే చోట రెండు గేట్ల మధ్య పడవను ఆపి, నీళ్లు నింపో వదిలో పైకీ కిందికీ చేరుస్తారు. జర్మనీలో జరిగేదీ అదే. కాకపోతే పడవ బదులు వంద మీటర్లు దాటిన ఓడ. లాకు వెడల్పు 12 మీటర్లు, ఓడ వెడల్పు 11.4 మీటర్లు. అటూ ఇటూ జానెడు జాగా.

రాత్రి రెండు గంటలవేళ ఆ ఓడ అట్టడుగు అంతస్తులో పడుకున్నారనుకోండి. అక్కడి కిటికీ గోడ పైభాగంలో ఉంటుంది, తెరుచుకోదు. మంచం మీద పడుకుంటే బయటి నీళ్లు మీ కంటే ఎత్తులో ఉంటాయి. లాకులోకి రాగానే ఒడ్డు మీది దీపాల వెలుగు పోయి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా తడి కాంక్రీటు గోడ, దాని మీద పాచి, నెమ్మదిగా జరుగుతూ కనిపిస్తాయి. ఓడ పక్క గోడకు రాసుకున్నప్పుడు కీచుమంటుంది. ముక్కును సరిచేయడానికి ముందు భాగంలో, నీటి అడుగున ఒక చిన్న మోటారు తిప్పుతారు. అది తిరిగినంతసేపూ ముందు గదుల్లో నేల, మంచం, బల్ల మీది గాజు గ్లాసు వణుకుతాయి. గంట తిరక్కుండానే ఇంకో లాకు. పగలంతా ఊళ్లు తిరిగి అలసిన డెబ్బై ఏళ్ల మనిషికి ఇలాంటి రాత్రులు వరసగా రెండు పడితే మూడో నాడు ఏ కోటా చూడబుద్ధి కాదు.

ముందు భాగం వద్దంటే వెనక్కి పోదామంటారా, అక్కడ ఇంజను. అందుకే నడిమి గది. నడుమే అయినా మెట్ల పక్కనా, రిసెప్షన్ పక్కనా వద్దు. అక్కడ అర్ధరాత్రి దాకా మాటలూ తలుపులూ ఆగవు. నెత్తి మీద భోజనశాల ఉంటే పొద్దున్నే కుర్చీలు జరుపుతారు. ఓడ పటం అడిగితే ఇస్తారు. అందులో మీ గదికి పైనేముంది, కిందేముంది అని వేలు పెట్టి చూసుకోవాలి.

పై అంతస్తు గదులకు ఫ్రెంచ్ బాల్కనీ అని రేటు పెంచుతారు. పక్కకు జరిపే గాజు తలుపు, దానికి అడ్డంగా ఒక కమ్మీ, అంతే. కాలు బయట పెట్టే జాగా ఉండదు. పైగా పెద్ద ఊళ్లలో రేవు చాలక ఓడలను పక్కపక్కనే రెండు మూడు కట్టేస్తారు. అప్పుడు మీ బాల్కనీకి కనిపించేది పక్క ఓడ పరదా. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు మాత్రం లిఫ్టు సంగతి తప్పకుండా అడగాలి. చాలా ఓడల్లో అది నడిమి, పై అంతస్తుల మధ్యే తిరుగుతుంది, అట్టడుగుకు పోదు. ఇన్ని చూశాక నా ఓటు మధ్య అంతస్తులో, ఓడ నడిబొడ్డున, మెట్లకు రెండు మూడు గదుల ఎడంలో ఉన్నదానికే.

స్వీడన్‌లో గోటా కాలువ మీద 1874 నాటి యూనో అనే ఓడ ఇంకా తిరుగుతోంది. అందులో గదులు ఇరుకు, ఒకదాని మీద ఒకటి మంచాలు. జనం దానికి ఫిర్యాదు చేయరు. పగలంతా డెక్ మీదే గడిపి, నిద్రకే లోపలికి పోతారు.

మన దగ్గరికి వస్తే, ఈ లెక్కలో కొంత తలకిందులవుతుంది. సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ఉంది గానీ అందులో గదులు లేవు, సీట్లే. కాకినాడ–పుదుచ్చేరి కాలువలతో పాటు గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అందులో కృష్ణా భాగం మొదలయ్యేది మిర్యాలగూడకు దగ్గరి వజీరాబాద్ నుంచే. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటు అదే. అక్కడి నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లు. నడుమ పులిచింతల ఆనకట్ట ఉంది కాబట్టి లాకు లేనిదే పడవ ఒక్క విడతలో పోలేదు. దాని దిగువన ముక్త్యాల నుంచి విజయవాడ వరకు 82 కిలోమీటర్లను మొదటి దశగా తీసుకున్నారు. కోదాడ వాళ్లు జగ్గయ్యపేట దాటితే ముక్త్యాలే. ఆ నీళ్ల మీద రాత్రి పడవ వస్తే ఎలాంటి గది అడగాలో ఇప్పుడే తెలిసుండటం మంచిది.

యూరప్‌లో ఎండ కోసం పై అంతస్తుకు డబ్బు పెడతారు. మన దగ్గర మార్చి దాటాక ఇనుప కప్పు కింది గది మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా సెగ కక్కుతుంది. ఏసీ ఉందిగా అంటే, దాన్ని నడిపే జనరేటర్ ఎక్కడో చూసుకోవాలి. కేరళలోని ఆలప్పుళలో హౌస్‌బోట్లను సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డుకు కట్టేస్తారు. రాత్రంతా ఏసీ నడవాలంటే జనరేటరే గతి. దాని పక్క గది దొరికిన వాళ్లకు బ్యాక్‌వాటర్ ప్రశాంతత అనేది దక్కదు.

ఎండ ఏ పక్క పడుతుందన్నది కూడా మనకు కొత్త చదువేం కాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కే సూర్యాపేట మనిషి చలికాలంలో ఎడమ పక్క సీటు చూసుకుంటాడు, అది ఉత్తరపు పక్క కాబట్టి. వాడపల్లి నుంచి కృష్ణ ఎన్ని మలుపులు తిరిగినా మొత్తానికి పోయేది తూర్పుకే. దసరా నుంచి ఉగాది దాకా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. పడవలోనూ ఎడమ గదే చల్లన.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది తలుపు గురించి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకు లాగినప్పుడు లోపల ఇంకా శవాలున్నాయి. చనిపోయిన వాళ్ల కుటుంబాలను తలుచుకుంటే, కింద అద్దాలు బిగించిన గదిని చల్లగా ఉంటుందని ఎంచుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు. సముద్రపు ఓడల్లో బయల్దేరేటప్పుడే ప్రయాణికులందరినీ పోగుచేసి, ప్రమాదం వస్తే ఎటు పోవాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. మన రేవుల్లోనూ టికెట్ ఇచ్చే ముందు పడవ పటం చూపించమని పట్టుబట్టాలి. గది తలుపు నేరుగా బయటి వరండాలోకి తెరుచుకుంటుందా, కిటికీ లోపలి నుంచి తెరవొచ్చా, లైఫ్ జాకెట్ గదిలోనే ఉందా అని అడగాలి. మూడింటికీ అవునన్న జవాబు వస్తే మధ్య అంతస్తులో, ఇంజనుకు దూరంగా, ఎడమ పక్కది తీసుకోవచ్చు. విజయవాడ నుంచి తిరుగు ప్రయాణంలో మాత్రం కుడి పక్కది.