మా రవ్వ మాట వినదు

"మాట వింటుందా?" మా రవ్వని చూసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఇదే. "కరుస్తుందా?" అనేది రెండో ప్రశ్న. రెండింటికీ నాది ఒకటే జవాబు, "లేదండీ".

రవ్వ అంటే మా కుక్క. ఉప్మా రవ్వ దోరగా వేగినప్పటి రంగు, అందుకే ఆ పేరు. జాతి జోనంగి. "అదెక్కడి ఫారిన్ జాతండీ?" అని అడిగినవాళ్లున్నారు, నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు. అచ్చంగా మన తెలుగు కుక్క. మా పుట్టింటి వైపు, కొల్లేరు చుట్టుపక్కల, కోస్తా ఊళ్లలో ఉండే రకం. నున్నటి పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్లు, ఎప్పుడూ ఏదో బాకీ లెక్క వేసుకుంటున్నట్టు నుదుటి మీద ముడతలు. రెండేళ్ల కిందట మా తమ్ముడు కైకలూరు నుంచి కారులో, అరటి గెల పక్కన కూర్చోబెట్టి తెచ్చాడు. మాది యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర ఓ సందులో కింద పోర్షన్. ఇంటి ముందు నులక మంచం పట్టేంత మట్టి ఉంది. అందులో కరివేపాకు, రెండు మందారాలు, నా చామంతులు.

చామంతులు "ఉండేవి" అనాలి. జోనంగికి గొయ్యి తవ్వుకుని పడుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. మేం వందల రూపాయలు పోసి కొన్న మెత్తటి పరుపు మీద అది ఒక్క రోజు కూడా పడుకోలేదు. ఎండాకాలం వచ్చేసరికి మందారం మొదట్లో మోకాలి లోతు గొయ్యి తవ్వి, అందులో చల్లగా కళ్లు మూసుకుంది. మావారు గొయ్యి పూడ్చారు. అది తవ్వింది. మళ్లీ పూడ్చారు. ఇలా వారం జరిగాక ఇద్దరిలో ఎవరు ముందు అలిసిపోయారో మీరే ఊహించుకోండి.

తర్వాత ట్రైనింగ్ ఇచ్చే అబ్బాయిని పెట్టారు. పది రోజులు వచ్చాడు. "సిట్" అంటే రవ్వ అతని మొహంలోకి చూసేది, చేతిలో చికెన్ ముక్క వైపు చూసేది, కాసేపు ఆలోచించేది, లేచి వెళ్లిపోయేది. "దీనికి బుర్ర తక్కువ మేడమ్, లాబ్రడార్ తీసుకోండి" అని చెప్పి మానేశాడు. ఆ బుర్ర తక్కువదే మూడో రోజున మా గేటు గడియ మూతితో ఎత్తడం నేర్చుకుంది, ఎవరూ నేర్పకుండానే. సంక్రాంతికి మా ఆడపడుచుల పిల్లలు అయిదుగురు దిగితే, వాళ్లు గేటు దాటకుండా చుట్టూ తిరుగుతూ, కరవకుండా, అరవకుండా ఒక మూలకి తోలింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చిన్నప్పుడు మా ఊరి చేలల్లో కోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుల మందల్ని తోలేవారు. ఆ మందల వెంట ఈ కుక్కలే ఉండేవి. సరిగ్గా ఇలాగే.

నేను ఆలోచించింది ఇది. లాబ్రడార్‌ని దొరలు వేట కోసం తయారుచేసుకున్నారు. తుపాకీ పేలేదాకా ఆగాలి, పడిన పిట్టని తెచ్చి యజమాని చేతికివ్వాలి. దాని పనంతా మనిషి మొహం చూస్తూ చేసే పని. జోనంగి పని అలాంటిది కాదు. మనిషి గట్టు మీద ఎక్కడో ఉంటాడు, ఇది బురదలో బాతుల మధ్య ఉంటుంది. ఏ బాతు తప్పిపోతోందో, నక్క ఎటు నుంచి వస్తోందో, తనే చూసుకుని తనే నిర్ణయించుకోవాలి. అలాంటి పనికి పుట్టినదాన్ని తెచ్చి "సిట్" అంటే, ఎందుకు కూర్చోవాలో దానికి అర్థం కాదు. అది తెలివి తక్కువ ఎలా అవుతుంది? చెప్పినట్టు చేస్తేనే తెలివి అని మనం ఎప్పుడో రాసేసుకున్నాం, కుక్కల విషయంలోనే కాదు.

గొయ్యీ గడియా సంగతులు సరదాగానే చెప్తున్నాను గానీ, అసలు తంటా గొంతుతో వచ్చింది. జోనంగి మామూలు కుక్కల్లా పెద్దగా మొరగదు. రాగం తీస్తుంది. ఆఫ్రికాలో బసెంజీ అని ఒక జాతి ఉంది, అదీ అంతే. సందులో "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని మైకు బండి వస్తే చాలు, రవ్వ మెడ పైకెత్తి ఆ మైకుకి శ్రుతి కలుపుతుంది. వినడానికి అచ్చం ఏడుపే. కుక్క ఏడిస్తే ఏమంటారో మీకు తెలుసు. అత్తయ్యగారు మొదటిసారి విన్న రోజే దీపం పెట్టి, "పంపించెయ్యమ్మా దాన్ని" అన్నారు.

ఇంట్లో మాటైతే సర్దుకోవచ్చు. కిందటి నవంబరులో పక్కింటావిడ గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ల మామగారు ఆస్పత్రిలో ఉన్నారు. "ఏమనుకోకు అక్కా, పొద్దుగూకంగనే మీ కుక్క ఏడుస్తున్నది. మా మామకు పానం బాగలేదు. నాకు భయమైతున్నది" అంది. కోపంగా అంటే నేనూ ఏదో అనేదాన్ని. ఆమె కళ్లనిండా నీళ్లు.

మా అమ్మాయి వెంటనే ఫోన్ తీసింది. కుక్కల్ని పెంచుకోకూడదని కాలనీ సంఘాలు నిషేధించలేవని 2015లో జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఇచ్చిందట. మంచిదే. కానీ ఆ కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లగలనా? ఆ రాత్రి మావారు తమ్ముడికి ఫోన్ చేశారు, వచ్చి తీసుకెళ్లమని. తమ్ముడు సరేనన్నాడు, కాసేపాగి అన్నాడు, "తెస్తాను బావగారూ, కానీ ఇక్కడ దానికేం పనుంది? చేలన్నీ చేపల చెరువులు అయిపోయె. ఎవరో ఒకళ్లు తీసుకెళ్లి చెరువు గట్టున గొలుసేసి కడతారు". అదీ నిజమే. మా ఊళ్లో బాతుల మంద చూసి ఎన్నేళ్లయిందో. పని పోయింది, పని పోయాక కుక్కా తగ్గిపోయింది.

మర్నాడు నేను పక్కింటావిడని టీకి పిలిచి, మైకు బండి వచ్చే వేళకి మా మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాను. బండి వచ్చింది, రవ్వ రాగం తీసింది, తోక ఊగుతూనే ఉంది. బండి సందు మలుపు తిరిగింది, రవ్వ ఆపేసింది. "చూశావా, దాని ఏడుపు మీ మామగారి కోసం కాదు, పాత ఇనుము కోసం" అన్నాను. కొంచెం నవ్వింది. పూర్తిగా నమ్మిందని చెప్పను. ఆ వేళకి రవ్వని వెనక గదిలో పెట్టి తలుపేస్తానని నేనూ మాటిచ్చాను. పెద్దాయన ఇంటికొచ్చారు, వాకర్‌తో నడుస్తున్నారు. ఆవిడ మాత్రం మా వైపు కిటికీ సాయంత్రం పూట ఇప్పటికీ మూసే ఉంచుతుంది. నేను తప్పుపట్టను.

ఇంతా చేసి కుక్క పక్షాన వాదించి గెలిచానని మురిసిపోతుంటే, మే నెలలో మా అమ్మాయి బాంబు పేల్చింది. ఎంపీసీ వద్దట, సీఈసీ తీసుకుని లా చదువుతుందట. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల నీడలో పెరిగిన పిల్ల! నేను గట్టిగానే అరిచాను, "చెప్పిన మాట వినవేం?" అని. అది తాపీగా గొయ్యిలో పడుకున్న రవ్వ వైపు చూసి, "దానికో రూలు, నాకో రూలా అమ్మా?" అంది. నాకు జవాబు దొరకలేదు. అప్లికేషన్ ఇంకా టేబుల్ మీదే ఉంది, మావారి సంతకం కోసం.

ఈమధ్య "జోనంగి పిల్ల దొరుకుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో దేశీ కుక్కల గురించి చెప్పాక ఈ మోజు పెరిగింది. 2005లో తపాలా శాఖ వేసిన కుక్కల స్టాంపులు నాలుగింటిలో రాజపాళయం ఉంది, ముధోల్ ఉంది, మన జోనంగి లేదు. కాబట్టి మన జాతి నిలవాలనే కోరిక నాకూ ఉంది. అయినా అడిగినవాళ్లకి నేను ముందు వద్దనే చెప్తాను. అయిదో అంతస్తు ఫ్లాటులో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసి ఉంచి, రీల్స్ కోసం షేక్‌హ్యాండ్ ఇవ్వాలంటే ఈ కుక్క మీకు పనికిరాదు, మీరు దానికి అసలే పనికిరారు. కొంచెం మట్టి, ఎవరో ఒకరు ఇంట్లో ఉండటం, పిలిచాక అది వచ్చేదాకా ఆగే ఓపిక, ఇవి ఉన్నవాళ్లు మళ్లీ అడగండి, తమ్ముడి నంబరు ఇస్తాను.

నిన్న రాత్రి వాన పడింది. లేచి చూస్తే మావారు గొడుగు పట్టుకుని, గొయ్యి మీద పాత ఫ్లెక్సీ కడుతున్నారు. "నీళ్లు నిండితే ఇంకోటి తవ్వుతుంది, మిగిలిన మందారం కూడా పోతుంది" అని నాకు సంజాయిషీ ఇచ్చారు. రవ్వ వరండాలో పొడిగా కూర్చుని ఆయన పనితనం పరిశీలిస్తోంది.